చికెన్ వింగ్స్: ఉప్పు ముందు రోజు, కారం చివరి నిమిషంలో

తమ్ముడూ, నీ సంగతి అర్థమైంది. హన్మకొండలో మీ ఇంట్లో ఆదివారం పది మందికి దావత్, వింగ్స్ చేస్తానని మాటిచ్చేశావు. ఇంతకుముందు చేసినప్పుడు అల్లం, ఎల్లిగడ్డ, పెరుగు, కారం, గరం మసాలా అన్నీ పట్టించి రాత్రంతా నానబెట్టావు. వేయిస్తే పైన నల్లబడింది, తోలు రబ్బరులా సాగింది, బొక్క దగ్గర ఎర్రగా కనిపించి ఇంట్లోవాళ్లు తినడానికి భయపడ్డారు. ఇంత చేసినా రుచి లోపలికి దిగలేదు. ఇప్పుడు ఇంకెంత మసాలా వేయాలి, ఇంకెన్ని గంటలు నానబెట్టాలి అని అడుగుతున్నావు.

నేను చాలా ఏళ్లు హోటల్ కిచెన్‌లలో చేసి, ఇప్పుడు ఆర్డర్ల మీద ఫంక్షన్లకు వండుతున్నాను. నా మాట విను, ఆ మసాలా మొత్తం పక్కన పెట్టెయ్. వింగ్స్‌కు ముందు రోజు పట్టించాల్సింది ఉప్పు ఒక్కటే. కారం, ఎల్లిగడ్డ, పులుపు, తీపి అన్నీ వేగిన తర్వాతే.

మన ఇళ్లలో అలవాటంతా కూర అలవాటు. కూరలో ముక్క, మసాలా కలిసి పులుసులో ఉడుకుతాయి కాబట్టి ముందే పట్టించినా నష్టం లేదు. వేపుడు అట్లా కాదు. తోలు మీద తడి ఉన్నంతసేపు అక్కడ వేడి వంద డిగ్రీలు దాటదు, దాటనిదే తోలు ఎర్రబడదు, కరకరలాడదు. పెరుగు, అల్లం ముద్ద తోలును తడిగానే ఉంచుతాయి. ఆ తడి ఆరేలోపు పైనున్న కారం, ఎల్లిగడ్డ, పెరుగులోని పాలపదార్థం నేరుగా నూనెకు తగిలి మాడతాయి. నీకు నల్లగా కనిపించింది కోడి కాదు, మాడిన మసాలా. దాని కింద తోలు ఇంకా పచ్చిగానే ఉంది.

మరి రుచి లోపలికి దిగొద్దా అంటావు. ఉప్పు దిగుతుంది. మాంసంలోని నీళ్లలో కరిగి, కొన్ని గంటల్లో బొక్క దాకా పోతుంది. ఎల్లిగడ్డ వాసన, మిర్చి ఘాటు, గరం మసాలా ఎంత నానబెట్టినా పైపొరను దాటి పెద్దగా పోవు, పైగా ఇక్కడ తోలు అడ్డం. కానీ రెక్కలో ఉండే మాంసమెంత? ప్రతి కొరుకులో తోలు ఉంటుంది, దాని మీద ఉన్న రుచి నోట్లో పడుతుంది. లోపలికి పోలేదని టెన్షన్ పడాల్సిన పని లేదు.

ముందు షాపు సంగతి చూద్దాం, సగం పని అక్కడే చెడిపోతుంది. మన దగ్గర ఎక్కువమంది స్కిన్‌లెస్ కొంటారు. స్కిన్‌లెస్ అంటే షాపాయన ఈకలతో పాటే తోలు లాగేస్తాడు. రెక్క చివర అది సరిగ్గా ఊడదని అక్కడికి నరికి పారేస్తాడు. నీకు కావాల్సింది విత్ స్కిన్ రెక్కలు, అంటే వేడినీళ్లలో ముంచి ఈకలు పీకి, పైన మంటతో కాల్చిన కోడివి. ఆదివారం పొద్దున లైనులో నిలబడి అడిగితే దొరకవు. కోడికి రెండే రెక్కలు, కిలోకి పన్నెండు దాకా తూగుతాయి. పది మందికి తలా ఆరు ముక్కలు అనుకుంటే ముప్పై రెక్కలు, అంటే పదిహేను కోళ్లవి, దగ్గర దగ్గర రెండున్నర కిలోలు. శుక్రవారమే షాపులో చెప్పి పెట్టు, శనివారం సాయంత్రం తెచ్చుకో. తెచ్చాక తోలు మీద మిగిలిన ఈక మొదళ్లు చూసి పీకెయ్, ముఖ్యంగా మడత దగ్గర. నాటుకోడి రెక్కలైతే ఈ పద్ధతి పనికిరాదు, వాటిని కుక్కర్లో ఉడికించాకే వేయించాలి. ఈసారికి బ్రాయిలర్ చాలు.

రెక్కలో మూడు భాగాలుంటాయి. భుజం వైపు చిన్న లెగ్‌పీస్‌లా ఉండేది ఒకటి, మధ్యలో రెండు సన్న బొక్కలున్న చపటి ముక్క ఒకటి, చివర కొన. బార్లలో లాలీపాప్ అని ఇచ్చేది కూడా ఎక్కువగా ఈ భుజం ముక్కే, మాంసాన్ని ఒక కొసకు నెట్టి గుండ్రంగా చేస్తారు. చాలామంది దాన్ని లెగ్ అనుకుంటారు. కోసేటప్పుడు బొక్క మీద కత్తి వేయొద్దు. కీలును వెనక్కి విరిచి, వేలితో తడిమితే సందు దొరుకుతుంది, అక్కడ కోస్తే బలం పెట్టకుండానే తెగుతుంది. షాపులో మొద్దు మీద నరికిస్తే బొక్క ముక్కలు విరిగి పిల్లల గొంతులో గుచ్చుకుంటాయి. కొనలు పారేయకు, మిరియాలు వేసి ఉడకబెడితే మంచి సూప్ అవుతుంది.

కడగడం గురించి. కడిగితే క్రిములు పోవు. కుళాయి కింద కడిగితే నీటి తుంపరలతో సింకు, గట్టు, పక్కనున్న గిన్నెల మీద పడతాయి. వాటిని చంపేది వేడి ఒక్కటే. కానీ మన ఇళ్లలో ఉప్పు, పసుపు వేసి కడగకపోతే అమ్మ ఊరుకోదని నాకూ తెలుసు. గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడుగు, ఆ తర్వాత సింకును సబ్బుతో తోము. అసలు పని కడిగాకే ఉంది. పాత కాటన్ బట్టతోనో టిష్యూతోనో ఒక్కో ముక్కను గట్టిగా ఒత్తి తుడువు. చేత్తో ముట్టుకుంటే జారకూడదు, అంత పొడిగా ఉండాలి.

ఇప్పుడు ఉప్పు. కిలో ముక్కలకు పన్నెండు గ్రాములు, మామూలు మెత్తని ఉప్పయితే రెండు టీస్పూన్లు తలగొట్టి. అన్ని ముక్కలకూ సమానంగా రాసి, స్టీలు జాలీ మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి, కింద ఒక పళ్లెం పెట్టి, మూత లేకుండా ఫ్రిజ్‌లో అన్నిటికన్నా కింది అరలో రాత్రంతా ఉంచు. కింది అరలో ఎందుకంటే, పచ్చి మాంసం నీళ్లు కారినా వండిన వాటి మీద పడకుండా. మూత ఎందుకు వద్దంటే, ఫ్రిజ్‌లోని చల్లగాలికి తోలు ఆరుతుంది. పొద్దున చూస్తే తోలు బిగుసుకుని కాగితంలా తగలాలి. ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే మిగతా పొరపాట్లు చాలావరకు దాగిపోతాయి. రాత్రంతా కుదరకపోతే నాలుగైదు గంటలైనా ఉంచు.

ఓటీజీలో, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో చేస్తే ఉప్పుతో పాటు కిలోకి రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్ రాయి. జాగ్రత్త, బేకింగ్ పౌడర్ వేరు, తినే సోడా వేరు. సోడా వేస్తే సబ్బు తిన్నట్టుంటుంది, ఏ సాసూ దాన్ని దాచలేదు. బేకింగ్ పౌడర్ తోలుకు కొంచెం క్షారగుణం ఇస్తుంది, దాంతో మాంసకృత్తులు, చక్కెరలు కలిసి ఎర్రబడే చర్య త్వరగా జరుగుతుంది. ఈ చర్యను ఫ్రెంచ్ శాస్త్రవేత్త మయార్ 1912లో వివరించాడు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు. దానితో పాటు పుట్టే గాలి బుడగలు తోలు మీద చిన్న చిన్న పొక్కుల్లా లేచి కరకరలాడతాయి. నూనెలో వేయించేటట్టయితే ఇది అక్కర్లేదు.

పది మందికి ఓటీజీ చాలదు. ఒక ట్రేలో ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పేరిస్తే కిలో పట్టడమే ఎక్కువ. ఇరికిస్తే ఆవిరి పట్టి ఉడుకుతాయి. ఒక్క కిలో అయితే ముందు 120 డిగ్రీల దగ్గర అరగంట పెట్టు, కొవ్వు కరిగి కిందికి కారుతుంది. తర్వాత 220కి పెంచి నలభై నుంచి యాభై నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పు. కింద ట్రేలో ఫాయిల్ వేయకపోతే తర్వాత తోమలేక చస్తావు. ఎయిర్ ఫ్రైయర్ ఉన్నవాళ్లు 180లో పావుగంట, 200లో ఏడెనిమిది నిమిషాలు పెడితే సరి.

నువ్వు మూకుడులోనే చెయ్. పల్లి నూనె గానీ సన్‌ఫ్లవర్ గానీ రిఫైన్డ్‌ది, రెండు లీటర్లకు తగ్గకుండా పోయి. రెండుసార్లు వేయించాలి. మొదటిసారి నూనె 150, 160 మధ్య ఉండాలి, ఎనిమిది నుంచి పది నిమిషాలు. దీంట్లో రంగు రావాల్సిన పని లేదు, లోపల ఉడికితే చాలు. తీసి జాలీ మీద ఆరబెట్టు. ఆ సమయంలో లోపలి తడి పైకొచ్చి ఆవిరైపోతుంది. వడ్డించే ముందు నూనెను 190కి వేడిచేసి మూడు, నాలుగు నిమిషాలు వేయిస్తే బంగారు రంగు వస్తుంది. థర్మామీటర్ లేకపోతే చెక్క గంటె కాడ నూనెలో ముంచు. చుట్టూ చిన్న బుడగలు నెమ్మదిగా వస్తే మొదటి వాయికి సరిపోతుంది, జోరుగా నురగలా లేస్తే రెండో వాయికి. నూనె పొగ వస్తుంటే స్టౌ కట్టేసి కాసేపు ఆగు. ఒక్కో వాయికి పది, పన్నెండు ముక్కలు దాటనివ్వకు, ఎక్కువ వేస్తే నూనె చల్లబడి ముక్కలు నూనె తాగుతాయి.

తీసిన ముక్కలను పేపర్ మీద పోసే అలవాటు మానుకో. నూనె పీలుస్తుంది నిజమే, కానీ కింద ఆవిరి పట్టి అడుగు మెత్తబడుతుంది. జాలీ మీదనే పెట్టు. హాట్‌ప్యాక్‌లో పెట్టి మూత వేశావంటే ఇంత చేసిందీ వృథా.

బొక్క దగ్గర ఎర్రగా ఉండటం గురించి. బ్రాయిలర్ కోడిని సాధారణంగా ఐదారు వారాలకే కోస్తారు. అప్పటికి బొక్కలు గట్టిపడవు, లోపలి మూలుగ రంగు బయటికి ఊరి పక్క మాంసానికి అంటుతుంది. వేడికి అది ముదురు ఎరుపు, గోధుమ రంగులోకి మారుతుంది. అది పచ్చిదనం కాదు. రంగు చూసి తేల్చుకోకు. కీలు దగ్గర పొడిస్తే వచ్చే రసం తేటగా ఉండాలి, మాంసం బొక్కను వదిలెయ్యాలి. థర్మామీటర్ ఉంటే 74 డిగ్రీలు దాటితే తినడానికి భయం లేదు. రెక్కలకు మాత్రం నేను 85, 90 దాకా పోనిస్తాను. బ్రెస్ట్ ముక్క అంత వేడికి పీచుపీచుగా అవుతుంది గానీ, రెక్కలో నరాలు, కీళ్ల చుట్టూ ఉండే జిగురు పదార్థం ఆ వేడికే కరిగి మెత్తబడుతుంది. 74 దగ్గర తీస్తే తినొచ్చు కానీ సాగుతుంది. నీకు రబ్బరులా అనిపించడానికి తోలుతో పాటు ఇదీ ఒక కారణం.

షాపులో విత్ స్కిన్ దొరక్కపోతే? తోలు లేని రెక్కకు ఆ కరకర ఎలాగూ రాదు, దానికి ఒక పూత ఇవ్వాలి. కిలోకి ఒక గుడ్డు తెల్లసొన, రెండు పెద్ద చెంచాల బియ్యం పిండి, రెండు కార్న్‌ఫ్లోర్, ఉప్పు. మైదా వేయకు, చల్లారగానే మెత్తబడుతుంది. బియ్యం పిండిలో సాగే గుణం లేదు కాబట్టి పొర పలుచగా, గట్టిగా వస్తుంది. సకినాలు, సర్వపిండి తినే ఊరివాళ్లకు ఇది నేను చెప్పనక్కర్లేదు. ఇదీ రెండుసార్లే వేయించు.

ఇక రుచి. వింగ్స్ అనగానే అందరూ చెప్పే బఫెలో అనేది ఊరి పేరు, బర్రెతో సంబంధం లేదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో, యాంకర్ బార్‌లో టెరెసా బెల్లిసిమో 1964లో ఇవి మొదలుపెట్టిందని చెబుతారు. అసలు వంటకంలో పిండి పూత లేదు, మారినేషన్ లేదు. ఉత్తగా వేయించిన రెక్కలను వెనిగర్ ఉన్న మిర్చి సాస్, వెన్న కలిపిన దాంట్లో వేసి దొర్లిస్తారు, అంతే. అంటే వాళ్లూ కారం చివరే వేస్తారు. మిర్చి ఘాటు కొవ్వులో కరుగుతుంది, నీళ్లలో కరగదు. అందుకే వెన్న కలిస్తే ఘాటు నోరంతా పరుచుకుంటుంది గానీ ఒకచోట గుచ్చదు.

ఆ సాస్ సీసా కొనకు. ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊళ్లో ఉండి బయటి దేశపు మిర్చి సాస్ కొనడం నాకు నచ్చదు. మన చపాట మిర్చి ఉంది కదా, నర్సంపేట వైపు పండించేది, కొందరు టమాట మిర్చి అంటారు. రంగు విపరీతం, ఘాటు తక్కువ. వరంగల్ చపాట పేరుతో దానికి 2025లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పచ్చళ్లు పెట్టేవాళ్లు దాన్ని రంగు కోసమే కొంటారు, సాస్‌కూ అదే గుణం కావాలి. కిలో రెక్కలకు పది ఎండు చపాట, ఘాటు కోసం మూడు తేజ మిర్చి. తొడిమలు, గింజలు తీసి అరగంట వేడినీళ్లలో నానబెట్టు. ఆరు ఎల్లిగడ్డ రెబ్బలు, మూడు పెద్ద చెంచాల వెనిగర్, అర టీస్పూన్ ఉప్పు, చిటికెడు చక్కెర వేసి మెత్తగా రుబ్బి వడకట్టు. సన్న మంట మీద ఐదు నిమిషాలు ఉడికించి స్టౌ ఆపు. 75 గ్రాముల చల్లని వెన్న ముక్కలు ఒక్కోటి వేస్తూ గిలకొట్టు. వెన్న వేశాక మరిగిస్తే నూనె వేరైపోతుంది. అయ్యిందనుకో, ఒక చెంచా గోరువెచ్చని నీళ్లు పోసి మళ్లీ గిలకొడితే కలుస్తుంది. ఉప్పు వెన్న వాడితే మిర్చి ముద్దలో ఉప్పు మానెయ్.

హోటల్ వింగ్స్ రంగు ఇంట్లో రాదని చాలామంది బాధపడతారు. ఆ రంగు చాలాచోట్ల డబ్బాలోది. కర్ణాటకలో 2024 జూన్‌లో చికెన్ కబాబ్‌లలో కృత్రిమ రంగులు వాడొద్దని నిషేధమే పెట్టారు. చపాట ఉన్నవాడికి ఆ పొడితో పనేముంది.

పిల్లలకు బెల్లం, చింతపండు చెయ్. వంద గ్రాముల బెల్లం, నిమ్మకాయంత చింతపండు రసం, ఒక టీస్పూన్ కారం, చిన్న అల్లం ముక్క తురుము, ఉప్పు. బెల్లంలో మట్టి ఉంటుంది, కరిగాక వడకట్టి మళ్లీ మరిగించు. గంటెను అంటుకుని నెమ్మదిగా జారేంత చిక్కబడితే ఆపెయ్, చల్లారితే ఇంకా చిక్కబడుతుంది. దీన్ని ముందే పట్టించి వేయిస్తే రెండు నిమిషాల్లో బొగ్గే. వేగిన ముక్కలు దీంట్లో దొర్లించి వేయించిన నువ్వులు చల్లు. మేడారం జాతర నుంచి తెచ్చుకున్న బంగారం, అంటే అమ్మవార్ల బెల్లం ఇంట్లో ఉంటే దాన్ని దీంట్లో వేయకు, ప్రసాదంలా పంచుకో. దీనికి బజారు బెల్లం చాలు.

నన్నడిగితే అన్నిటికన్నా మంచిది పొడి. సాస్ ఎంత బాగున్నా పది నిమిషాల్లో తోలును మెత్తబరుస్తుంది. మాటల్లో పడి నెమ్మదిగా తినే దావత్‌కు పొడే నిలబడుతుంది. నువ్వులు మూడు పెద్ద చెంచాలు, ధనియాలు ఒకటి, జీలకర్ర ఒక టీస్పూన్, ఎండుమిర్చి ఏడెనిమిది, ఎండుకొబ్బరి తురుము రెండు పెద్ద చెంచాలు. దేనికది విడిగా వేయించు, అన్నీ కలిపి వేస్తే జీలకర్ర మాడేసరికి ధనియాలు పచ్చిగా ఉంటాయి. బాగా చల్లారాక మిక్సీలో ఆపి ఆపి తిప్పు, ఒకేసారి తిప్పితే నువ్వుల నూనె వదిలి ముద్దవుతుంది. ఎల్లిగడ్డను పచ్చిగా వేయకు, తడి. పలుచగా కోసి నూనెలో బంగారు రంగు వచ్చేదాకా వేయించి తియ్, అదే నూనెలో రెండు రెమ్మల కల్యమాకు కరకరలాడించు. రెండూ చేత్తో నలిపి పొడిలో కలుపు. పొడికి సరిపడా చిటికెడు ఉప్పే వేయాలి, ముక్కలో ఇప్పటికే ఉంది. రెండో వాయి నూనెలోంచి తీసిన అర నిమిషంలోపు, పైన నూనె మెరుస్తుండగానే వెడల్పు గిన్నెలో వేసి ఎగరెయ్. చల్లారాక చల్లితే పొడి అంటదు, పళ్లెంలో రాలిపోతుంది. నిమ్మకాయ తినేవాళ్లు తింటూ పిండుకోవాలి, నువ్వు ముందే పిండకు.

పుంటికూర వింగ్స్ చేయమని ఎవరైనా అడిగితే వద్దను. ఆ గుజ్జులో తడి ఎక్కువ, తోలు ఐదు నిమిషాలు కూడా ఆగదు. పుంటికూర కూరకే అందం. ముంచుకోవడానికి పెరుగును బట్టలో కట్టి నీళ్లు దించి, దాంట్లో తురిమి పిండిన కీరా, కొంచెం ఎల్లిగడ్డ, ఉప్పు కలుపు. అమెరికావాళ్లు పక్కన పెట్టే బ్లూ చీజ్ కన్నా మనవాళ్లకు ఇదే నచ్చుతుంది. ఉల్లిగడ్డ చక్రాలు ఎట్లాగూ ఉంటాయి.

ఆదివారం లెక్క ఇట్లా పెట్టుకో. శనివారం రాత్రికి కోసి, ఉప్పు రాసి ఫ్రిజ్‌లో పెట్టడం అయిపోవాలి. పొడి, మిర్చి ముద్ద, బెల్లం పాకం కూడా అప్పుడే చేసుకో, వెన్న మాత్రం వడ్డించే ముందే కలుపు. ఒంటిగంటకు భోజనం అనుకుంటే పదకొండున్నరకు మొదటి వాయిలు మొదలుపెట్టు, పన్నెండున్నరకు అయిపోతాయి. వేయించి పక్కన పెట్టినవి బయట రెండు గంటలకు మించి ఉంచొద్దు, చుట్టాలు ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టెయ్. రెండో వాయి అందరూ కూర్చున్నాకే. ఒక్కో వాయి దించగానే కొన్ని పొడిలో, కొన్ని సాస్‌లో వేసి పంపుతూ ఉండు. అన్నీ ఒకేసారి కలిపి డిష్‌లో పెట్టాలని చూడకు.

మిగిలితే సాస్ కలపని వాటినే దాచు. మర్నాడు ఓటీజీలో 200 దగ్గర ఏడెనిమిది నిమిషాలు పెడితే మళ్లీ కరకరలాడతాయి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకు. నూనె చల్లారాక బట్టలో వడకట్టి సీసాలో పోసి, ఆ వారంలో పోపులకు వాడెయ్. నురగ వస్తుంటేనో, నల్లబడితేనో పారబొయ్యి.